కొకు ఇరవై ఎనిమిదేళ్లు చందమామలో కూర్చోవడం మనకు నష్టమేనా?

కాగితపులి · శుక్రవారం రాత్రి 10:12

కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో విశాలాంధ్ర వేసిన కొకు (కొడవటిగంటి కుటుంబరావు) సంపుటాలు మళ్లీ తీశాను. 'చదువు' నవల నిన్న రాత్రి పూర్తయింది. కథానాయకుడు సుందరం అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం, సహాయ నిరాకరణ, ఆర్థిక మాంద్యం ఒక్కొక్కటే గడప దాటి ఆ మధ్యతరగతి ఇంట్లోకి వస్తాయి. ఎక్కడా గొంతు పెంచడు. అంత పెద్ద కాలాన్ని అంత తక్కువ హడావుడితో రాసినవాడు తెలుగులో ఇంకొకడు నాకు కనపడలేదు.

ఇప్పుడు నా బాధ. ఈ మనిషి 1952లో మద్రాసులో పిల్లల పత్రిక చందమామలో చేరాడు. 1980 ఆగస్టులో పోయేదాకా అక్కడే. రోజూ ఆఫీసుకెళ్లి ఎవరెవరో పంపిన రాజుల కథలు, దయ్యాల కథలు దిద్దాడు. పత్రిక మీద సంపాదకుడుగా ఆయన పేరైనా లేదు. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) పెట్టినప్పుడు అందులో ఉన్న మనిషి పగలంతా 'అనగనగా ఒక రాజు' సవరించుకోవడం ఏం న్యాయం? ఆ కాలం ఆయన చేతికి ఇచ్చి ఉంటే ఇంకో నాలుగు 'చదువు'లు వచ్చి ఉండేవి. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే రండి.

పాతసంచికలు · శుక్రవారం రాత్రి 11:05

నేనున్నాను.

ముందు ఆయన అప్పటిదాకా బతికిన బతుకు చూడండి. 1909లో తెనాలిలో పుట్టాడు, చిన్నప్పుడే తండ్రి పోయాడు. విజయనగరంలో బీఏ ఫిజిక్స్ అయ్యాక బెనారస్ వెళ్లి ఎంఎస్సీలో చేరితే మాంద్యం దెబ్బకు చదువు మధ్యలో ఆగిపోయింది. తర్వాత సిమ్లాలో గుమాస్తా, ఒరిస్సా జయపురంలో ఫ్యాక్టరీ పని, బొంబాయిలో ఇంకో ఉద్యోగం, ఆంధ్రపత్రిక వీక్లీ, ఆపైన 'కినిమా' అనే సినిమా పత్రిక. నలభై రెండేళ్లొచ్చేదాకా ఏ కొలువూ నిలవలేదు. చందమామలో చేరాకే నెల జీతం, ఒకే ఊరు, ఒకే బల్ల. ఆ స్థిమితం లేకపోతే మీరనే నాలుగు నవలలు సరే, తర్వాత వచ్చిన కథలూ గల్పికలూ (కథకూ వ్యాసానికీ మధ్య ఉండే చిన్న రచనలు) సైన్సు వ్యాసాలూ సినిమా వ్యాసాలూ వచ్చేవేనా? ఆఫీసు పని అయ్యాక రాసుకున్నవే కదా ఆ సంపుటాల్లో సగం.

ఇక పేరు సంగతి. నా దగ్గరున్న సంచికల్లో అచ్చు వివరాల లైను చిన్న అక్షరాల్లో ఉంటుంది: చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు 26, ప్రసాద్ ప్రాసెస్. సంపాదకుడుగా పత్రిక పెట్టినవాళ్లలో ఒకరైన చక్రపాణి పేరు. కొకు పేరు కోసం అట్ట నుంచి అట్ట దాకా తిరగేసినా దొరకదు. ఇది మాత్రం నాకూ మింగుడు పడదు.

లా పాయింట్ · శనివారం ఉదయం 6:40

విశాఖ నుంచి. కాగితపులి గారి వాదనకు కొంచెం బలం చేకూరుస్తాను, ఆయన అడక్కపోయినా.

రావిశాస్త్రి గారు ప్లీడరు. కోర్టు వరండాలో ఆయన విన్నదంతా కథల్లోకి వచ్చింది. ప్రొహిబిషన్ కేసులు లేకపోతే 'ఆరు సారా కథలు' ఎక్కడివి? వాటిలో ఒకటైన 'మాయ'లో ముత్యాలమ్మ మాటలు గదిలో కూర్చుని పుట్టించగలిగేవి కావు. అంటే తిండి పెట్టిన పనే కథకూ తిండి పెట్టింది. మరి కొకుకి చందమామ ఏం పెట్టింది? తెల్లారి లేస్తే కాంభోజ రాజు, విదర్భ మంత్రి. ఆయన కథల్లో ఉండేది బ్యాంకు గుమాస్తా, కట్నం చాలని పెళ్లికూతురు, అద్దె ఇల్లు. ఆ వైపు నుంచి ఈ వైపుకు ఒక్క చుక్క కూడా కారినట్టు నాకు కనపడదు.

శ్రీశ్రీ సంగతీ అంతే చూడండి. 1950లో 'ఆహుతి' సినిమాతో డబ్బింగ్ రాయడం మొదలుపెట్టాడు. పెదాల కదలికకు సరిపడా మాట వెతకడం ఆయన కవిత్వానికి ఏం ఒరగబెట్టింది?

పాతసంచికలు · శనివారం ఉదయం 8:15

ఒక్క చుక్కా? లా పాయింట్ గారూ, మీరే సాక్షిని నా పక్కకు పంపుతున్నారు.

బేతాళ కథ మొదలు గుర్తు తెచ్చుకోండి. పట్టు వదలని విక్రమార్కుడు చెట్టు దగ్గరికి తిరిగి వెళ్తాడు, శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు, ఎప్పటిలాగే మౌనంగా శ్మశానం కేసి నడుస్తాడు. అంతా ఒకటిన్నర వాక్యం. ఒక్క విశేషణం లేదు. చీకటి ఎలా ఉంది, గాలి ఎలా వీచింది అన్న వర్ణన లేదు (అవన్నీ పక్కన బొమ్మలో ఉన్నాయి, ఇంకెందుకు?). క్రియ మీద క్రియ, కథ నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు కొకు కథ ఏదైనా తీసి మొదటి పేరా చూడండి. అదే నడక. పాత్ర గురించి తీర్పు చెప్పడు, ఏం చేసిందో చెప్తాడు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఒక్కసారి చదివితే అర్థం కావాలి అన్న షరతు మీద నెలకొక సంచిక దిద్దినవాడి వచనం అది.

ఇంకో మాట. అసలు బేతాళ పంచవింశతిలో ఉన్నవి పాతిక కథలు. చందమామలో వందలకొద్దీ వచ్చాయి. పాఠకులు పంపిన మామూలు కథను తీసుకుని, చివర ఒక చిక్కు పడేలా మలిచి, బేతాళుడి నోట ప్రశ్నగా పెట్టి, విక్రమార్కుడి నోట జవాబు చెప్పించాలి. ఆ జవాబు మనం అనుకున్నది కాకూడదు, కానీ విన్నాక 'అవును కదా' అనిపించాలి. ఎన్నో ఏళ్లు నెలనెలా అది కుదర్చడం గుమాస్తా పని అంటారా?

సైన్సుమాస్టారు · శనివారం మధ్యాహ్నం 1:30

రిటైరైన ఫిజిక్స్ టీచర్ని. పైన చెప్పిన జవాబుల గురించే నా మాట కూడా.

క్లాసులో బేతాళ కథ చెప్పి, జవాబు దగ్గర ఆపేసి, పిల్లల చేత చెప్పించేవాణ్ణి. ఆ ప్రశ్న ఎప్పుడూ ఒకే మాదిరి ఉంటుంది: పైకి చూస్తే ఫలానావాడు గొప్పవాడు, మరి రాజు ఇంకొకణ్ణి ఎందుకు మెచ్చుకున్నాడు? పిల్లలు కథలోకి వెనక్కి వెళ్లి ఆధారాలు వెతకాలి. 'నాకు అనిపించింది' అంటే చెల్లదు, కథలో ఎక్కడుందో చూపించాలి. లేబొరేటరీలో చేయించే పని అదే. బెనారస్ ఎంఎస్సీ మధ్యలో ఆగిన మనిషి దాన్ని అక్కడ పూర్తి చేశాడని నాకు అనిపిస్తుంది. ఆయన సైన్సు వ్యాసాలు చదివినవాళ్లకు ఈ మాట వింతగా తోచదు.

ఆయన కొడుకు రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త, సంగీతం తెలిసినవారు, తెలుగులో పాపులర్ సైన్సు విరివిగా రాశారు. 2012లో పోయారు. తండ్రి గురించి ఆయన రాసినవి ఇంటర్నెట్‌లో ఉండేవి, దొరికితే తప్పక చదవండి.

ఓరుగల్లు పిల్ల · శనివారం సాయంత్రం 5:20

అందరు మెచ్చుకునుడే ఉన్నది, నేనొక్కదాన్ని అడ్డం తిరుగుత.

మా బాపు పంతులు. హన్మకొండ బస్టాండ్ల చందమామ కొనుక్కొచ్చేటోడు. నేను, మా అన్న గుంజుకొని చదివేటోళ్లం. ఇష్టం లేదని కాదు. కానీ ఇప్పుడు నా బిడ్డకు చదివి వినిపిస్తాంటే ఒకటి కొడుతున్నది: కథ కథకు రాజుకు ఒక బిడ్డ ఉంటది, ఎవడో సాహసం చేస్తడు, ఆ పిల్లను, సగం రాజ్యాన్ని ఇచ్చేస్తరు. ఆ పిల్లను అడిగినోడు లేడు. మూటతోని పాటు మూట.

ఈ కొకు గారే 'ఆడజన్మ' నవల రాసిండు గద. ఆడపిల్ల బతుకు ఎట్ల ఎవరో రాసిపెట్టినట్టు నడుస్తదో అంత సూటిగ చూపెట్టిన మనిషికి, నెల నెల ఈ సగం రాజ్యం కథలు దిద్దేటప్పుడు చెయ్యి ఆగలేదా? పాతసంచికలు అన్నా, నువ్వు సంచికలు ముంగట పెట్టుకొని చెప్పు. ఎక్కడన్న మార్చిండా?

పాతసంచికలు · శనివారం సాయంత్రం 6:45

మంచి ప్రశ్న అక్కా. సూటిగా చెప్తాను: సగం రాజ్యం కథలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. జానపద కథ ఎముక అది, విరిస్తే కథ నిలబడదని వదిలేసి ఉండొచ్చు.

కానీ చందమామలో ఇంకో రకం కథలున్నాయి, రెండు పేజీలవి: అత్తా కోడలు, పిసినారి షావుకారు, ఊరి పెద్ద, పెద్దింటి పెళ్లి, తెలివైన పనిమనిషి. వీటిలో ఆడవాళ్లు తెలివితో నెగ్గుకొస్తారు, మగవాడు బోల్తా పడతాడు. బేతాళ కథల్లో కూడా రాజకుమారి వద్దనేసి వేరేవాణ్ణి ఎంచుకోవడం, ఎందుకు ఎంచుకుందన్నదే బేతాళుడి ప్రశ్న కావడం ఉంది. ఇది 'ఆడజన్మ' స్థాయి అని నేననను. చక్రపాణి పత్రిక, చక్రపాణి లెక్కలు. కొకు అందులో జీతగాడు.

కాగితపులి · శనివారం రాత్రి 9:02

'జీతగాడు' అన్నారు చూశారా. నా గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది.

నిర్వాహకుడు · శనివారం రాత్రి 9:30

పాత సంచికల స్కాన్లకు లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. హక్కుల గొడవలున్నాయి, లింకులు పెట్టొద్దు. చర్చ బావుంది, సాగించండి.

బొమ్మలపిచ్చి · శనివారం రాత్రి 11:48

ఇంతసేపూ కథల వాళ్ల గురించే మాట్లాడారు. బొమ్మల వాళ్ల వైపు నుంచి చూస్తే పేరు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది.

చందమామ ఏ పేజీ అయినా తీయండి. బొమ్మ మూలన చిన్నగా 'శంకర్' అనో 'చిత్రా' అనో సంతకం ఉంటుంది. అట్ట మీద 'వపా' (వడ్డాది పాపయ్య). బయటి నుంచి కథ పంపినవాళ్ల పేర్లు కూడా తర్వాతి రోజుల్లో వేశారు. ఆఖరికి ఫొటో వ్యాఖ్యల పోటీలో రెండు ముక్కలు రాసి గెలిచినవాడి పేరు, ఊరుతో సహా అచ్చయింది. లోపల కూర్చుని పత్రికంతా రాసినవాళ్లకే లేదు! అంటే పేరు వేయకూడదన్నది పత్రిక మొత్తానికి నియమం కాదు, ఆఫీసు రచయితలకు మాత్రమే.

శంకర్ గారు (కె.సి. శివశంకరన్) తమిళులు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నారు. 'కలైమగళ్' పత్రికలో పనిచేసి, 1950ల మొదట్లో చందమామకు వచ్చి పత్రిక ఆఖరి రోజుల దాకా గీస్తూనే ఉన్నారు. విక్రమార్కుడు కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ ఆయనదే. ఒక్కసారి దాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి. రాజు మొహంలో భయం లేదు, వీరావేశమూ లేదు, పని మీద పోతున్నవాడి మొహం. శవం చెయ్యి కిందికి వేలాడుతూ బరువు చెప్తుంది. బట్ట మడత ఒక్కొక్కటీ విడిగా లెక్కపెట్టొచ్చు. 2020 సెప్టెంబరులో 96 ఏళ్ల వయసులో పోయారు. మర్నాడు పేపర్లలో ఆ బొమ్మే వేశారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఇస్తే ఎవరి సొమ్ము పోయేదో!

వడ్డాది పాపయ్య గారిది ఇంకో దారి. శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, కశింకోటలో స్థిరపడ్డారు. 1992లో పోయారు. మద్రాసు మకాం పెట్టకుండా ఉత్తరాంధ్రలో ఉంటూనే చందమామ అట్టలు, 'యువ' పత్రిక బొమ్మలు గీశారు. ఆ రంగులు చూడండి: వంగపండు, పసుపు, చిలకపచ్చ పక్కపక్కన పెట్టినా కొట్టుకోవు. ఆడవాళ్ల చీరకట్టు, కొప్పు, కాళ్ల పట్టీలు మన ఊళ్లవి. కొకుకి కలిసొచ్చిన ఆఫీసు బల్ల వపాకి అక్కర్లేకపోయింది. ఎవరి తత్వం వాళ్లది.

లా పాయింట్ · ఆదివారం ఉదయం 7:10

వపా గారి పేరెత్తారు, చాలు, మీరు మావాళ్లు. కశింకోట మా వైపే.

కానీ బొమ్మలపిచ్చి గారు అనుకోకుండా ఈ కేసులో అసలు పాయింటు తెచ్చారు. సంతకం బొమ్మలో భాగం, చెరపాలంటే బొమ్మ చెడుతుంది. కథకు సంతకం విడిగా అచ్చువేయాలి, వేయకపోతే పోయింది. ఇక్కడ కాగితపులి గారి అసలు ఫిర్యాదు కాలం గురించా, పేరు గురించా? రెండూ కలిపి నడిపిస్తే వాదన నిలవదు.

కాగితపులి · ఆదివారం ఉదయం 10:25

రెండూను. విడదీసే చెప్తాను, క్రాస్ ఎగ్జామినేషన్ తర్వాత చేసుకోండి.

కాలం మాట: పాతసంచికలు గారు చెప్పినట్టు నెల జీతం వల్ల ఆయన రాసుకోగలిగాడు, ఒప్పుకున్నదే. కానీ రాసుకున్నది ఎక్కువగా చిన్నవి. గల్పిక, వ్యాసం, కథ, వారపత్రిక సీరియల్. ఆఫీసు నుంచి అలిసి వచ్చిన మనిషికి కుదిరే సైజులు. 'చదువు' చందమామలో చేరక ముందుది. ఆ తర్వాతి నవలల్లో అంత విస్తారం ఉన్నది చూపించండి, ఈ దారం మూసేద్దాం.

పేరు మాట: చక్రపాణిది కూడా తెనాలే. మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకుని శరత్‌ని తెలుగులోకి తెచ్చినవాడు. స్వయంగా రచయిత. రచయితకు పేరంటే ఏమిటో ఆయనకు తెలియదా? ఇంకెవరో పెట్టుబడిదారు చేస్తే అర్థం చేసుకునేవాణ్ణి.

డల్లాస్ వాకిలి · ఆదివారం రాత్రి 8:40

ఇక్కడ మా అమ్మాయికి తెలుగు బడి ఉంది, శనివారాలు. ఒక చిన్న సందేహం. చందమామలో వచ్చిన 'రూపధరుడి యాత్రలు', 'భువనసుందరి' కొకు గారివేనా? మా అమ్మాయి స్కూల్లో ఒడిస్సీ పాఠం వచ్చింది. సైక్లాప్స్ కథ చెప్తుంటే 'ఇది నాకు తెలుసే' అనుకున్నాను, ఎక్కడ చదివానో వెంటనే తట్టలేదు. తర్వాత వెలిగింది, చిన్నప్పుడు రూపధరుడు ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి తప్పించుకున్నాడు కదా!

పాతసంచికలు · ఆదివారం రాత్రి 9:15

అవునండీ, ఆయన చేతి మీదుగా వచ్చినవే. రూపధరుడు ఒడిస్సియస్, భువనసుందరి హెలెన్. హోమర్‌ని గ్రీకు పేర్లు లేకుండా మన పిల్లలకు అందించాడు. ఎక్కడా 'ఇది గ్రీకు పురాణం, గొప్పది, గౌరవించండి' అన్న ధోరణి కనపడదు. పక్క పేజీలో రామాయణం, భారతం ఎలా చెప్పాడో అదీ అలాగే చెప్పాడు.

కాగితపులి గారూ, విస్తారం అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన కలం కింద నుంచి పోయిన రామాయణం, భారతం, ఇలియడ్, ఒడిస్సీ, వందల బేతాళ కథలు ఒక్క వరసలో పెట్టి చూడండి. తెలుగు నుంచి మిగతా భాషలకు అవి అనువాదమయ్యాయి. తమిళం 'అంబులిమామ' మొదటి నుంచీ తోడు ఉంది, తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ అలా పెరుగుతూ పోయింది. సుందరం గురించి చదవని ఊళ్లలో పిల్లలు ఆయన వాక్యాల మీద పెరిగారు, ఆయన పేరు తెలియకుండా.

ఓరుగల్లు పిల్ల · ఆదివారం రాత్రి 10:30

గదే నేను చెప్పొచ్చేది. పేరు లేదని కొకు గారి గురించి ఇంత బాధ పడుతున్నరు, ఆయనకు బయట పేరున్నది, సంపుటాలున్నయి, పీహెచ్‌డీలున్నయి. దాసరి సుబ్రహ్మణ్యం గారి మాటేంది? ఆయనకు బయట కూడ పేరు రాలే.

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఈ చందమామ సీరియళ్లన్ని ఆ ఒక్క మనిషే రాసిండని నాకు పెద్దగైనంక ఇంటర్నెట్ల తెలిసింది. శిఖిముఖి, విక్రమకేసరి; ఖడ్గవర్మ, జీవదత్తుడు. నేను, మా అన్న వీళ్ల పేర్లు పెట్టుకొనే కొట్లాడుకునేది. నేనెప్పుడు జీవదత్తుణ్ణే, ఎందుకంటే మా అన్న పెద్దోడు, కత్తి ఆయనకే.

సైన్సుమాస్టారు · సోమవారం ఉదయం 6:15

అమ్మాయ్, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. దాసరి గారిదీ తెనాలి ప్రాంతమే. 1952లో చందమామలో చేరి 2006 దాకా ఉన్నారు. 2010 జనవరిలో పోయారు. ఆయన పక్కా హేతువాది. మంత్రగాళ్లు, కపాలాలు, గండభేరుండాలతో తెలుగు పిల్లలకు నిద్ర లేకుండా చేసిన మనిషి ఇంట్లో దేవుడి పటం కూడా లేని నాస్తికుడు కావడం నాకు భలే ఇష్టమైన సంగతి. ఆ సీరియళ్లు జాగ్రత్తగా చదివితే తెలుస్తుంది: మంత్రం పనిచేసిన చోట్ల కంటే బెడిసికొట్టిన చోట్లే ఎక్కువ. గెలిచేది యుక్తి, స్నేహం.

ఈ రచయిత ఫలానా అని ముందుగా వెతికి పట్టుకుని ఊరంతా చాటింది కూడా పాఠకులే. ఆయన పోయాక ఆ సీరియళ్లు పుస్తకాలుగా, ఆయన పేరుతో వచ్చాయి.

బొమ్మలపిచ్చి · సోమవారం ఉదయం 9:50

ఆ సీరియళ్లకు చిత్రా గారి (టి.వి. రాఘవన్) బొమ్మలు లేకపోతే సగం భయం ఉండేది కాదు. శంకర్ బొమ్మ కొలతతో ఉంటుంది, చిత్రా బొమ్మ కదులుతూ ఉంటుంది. ఏనుగు మీద స్వారీ చేసేవాడి కాళ్లు ఎలా ఉంటాయో, మొసలి వీపు మీద నిలబడ్డవాడు ఎటు ఒరుగుతాడో చిత్రా గీస్తే నమ్మేస్తాం. దాసరి గారు ఏ వింత జంతువును రాస్తే దాన్ని గీసిపెట్టాడు. కాళ్లెన్ని, కోరలెన్ని అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నట్టుంటుంది.

లా పాయింట్ · సోమవారం రాత్రి 9:20

కాగితపులి గారు ఉదయం నుంచి మౌనం. విక్రమార్కుడికి మౌనభంగం ఎప్పుడో?

కాగితపులి · సోమవారం రాత్రి 10:40

ఆఫీసండీ. మాకూ జీతం ఉంది.

దాసరి గారి సంగతి వచ్చాక నా మొదటి ప్రశ్న కొంచెం చిన్నదైపోయింది, అది నిజం. అయినా సంపుటాల విషయంలో మాత్రం పట్టు విడవను. కొకు సమగ్ర సాహిత్యం అని మనం ఏది కొనుక్కున్నా చందమామ పని దాని బయటే ఉండిపోతోంది. అది ఆయన రచనే అని మీరందరూ ఇంత గట్టిగా అంటున్నప్పుడు, అది కూడా ఆయన పేరుతో ఒకచోట రావాలి కదా? ఏది ఆయన సొంతం, ఏది దిద్దింది అన్నది తేల్చే పని కష్టమే. ఆ శైలి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. 2007లో చందమామ చేతులు మారింది, ఆ తర్వాత కొన్నేళ్లకే అచ్చు ఆగిపోయింది. ఇంక పత్రిక వైపు నుంచి ఎవరూ చేయరు.

పాతసంచికలు · సోమవారం రాత్రి 11:15

1952 నుంచి 60 దాకా నా దగ్గర మధ్యమధ్య కొన్ని తప్ప అన్నీ ఉన్నాయి. మొదట సంచికల వారీగా కథల పేర్ల పట్టిక వేద్దాం: కథ, నెల, బొమ్మ ఎవరిది, పంపినవారి పేరు ఉందా లేదా. పేరు లేని కథలు ముందు విడిపోతాయి. శైలి గొడవ తర్వాత.

ఓరుగల్లు పిల్ల · సోమవారం రాత్రి 11:22

70ల సంచికలు మా బాపు అటక మీద ఉన్నయి, చెదలు తినంగ మిగిలినయి. దసరాకు పోయినప్పుడు దించి చూస్త.

డల్లాస్ వాకిలి · మంగళవారం ఉదయం 5:55

పట్టిక టైపు చేసే పని నాకివ్వండి. ఇంకోటి, కొకు నవలలు మొదలుపెట్టాలంటే 'చదువు'తోనేనా, లేక చిన్నది ఏదైనా చెప్తారా? మా ఆవిడ కూడా చదువుతానంటోంది.

కాగితపులి · మంగళవారం ఉదయం 7:30

మీరు 'చదువు'తో మొదలుపెట్టండి. మీ ఆవిడ గారికి 'ఆడజన్మ' ఇవ్వండి, తర్వాత పుస్తకాలు మార్చుకోండి.